టచింగమ్మ చేతి రంగు

బతికున్నవాళ్ల ఫొటోలు చెయ్యడమంటే టచింగమ్మకు తలనొప్పి. ముక్కు చిన్నది చెయ్యమంటారు, మెడ సన్నం చెయ్యమంటారు, అన్నీ చేసి చేతికిస్తే ఇది నేనేనా అని దీర్ఘాలు తీస్తారు. పోయినవాళ్లతో ఆ పేచీ లేదు. వాళ్ల తాలూకు మనుషులు ఓ నలిగిన కాగితంముక్క తెచ్చి, ఏడుపు దిగమింగుకుని, "ఇదొక్కటే ఉందమ్మా, ఎలాగోలా మనిషిని చేసివ్వండి" అంటారు. ఆవిడ మనిషిని చేసిచ్చేది. చిరిగిన చోట చెంప అతికి, చెదలు తిన్నచోట చెవి మొలిపించి, వెలిసిపోయిన మొహానికి రంగు పోసి, గోడకెక్కేంత పెద్దది చేసి పంపేది. ఆ ఊళ్లో పోయినవాళ్లలో సగం మంది ఆవిడ చేతుల మీదుగా ఇంటికి తిరిగి వెళ్లినవాళ్లే.

ఆవిడకు వేరే పేరు లేకపోలేదు, పిలిచేవాళ్లే లేరు. ఫిల్ముల కాలంలో నెగెటివ్ మీద పెన్సిలు పెట్టి మచ్చలు మాపే పనిని టచింగ్ అనేవాళ్లు. పెన్సిలు పోయింది, ఫిల్ము పోయింది, నేర్పిన స్టూడియో ఓనరూ పోయాడు, పేరు మాత్రం జిగురులా అంటుకుపోయింది. ఆ స్టూడియోనే ఇప్పుడు ఆవిడకు ఇల్లు కూడా, వెనకగది పనికి. గోడలకు బూడిదరంగు, కిటికీకి దళసరి పరదా, తెర ముందు రెండు కుర్చీలు. రెండో కుర్చీలో కూర్చున్నవాళ్లు "ఇంకాస్త చామనఛాయ అమ్మా" అంటూ పోయినవాళ్ల రంగు చెబుతారు. వాళ్లు చెప్పేది ఆవిడ ఓ చెవితో విని ఇంకో చెవితో వదిలేస్తుంది. ఏడుస్తున్న మనిషికి రంగులేం గుర్తుంటాయని ఆవిడ వాదన.

ఇక ఆవిడ పాత మానిటర్ సంగతి. అది వట్టి అబద్ధాలకోరు. తల కాస్త వంచితే తెల్లవాడు నల్లబడతాడు. కుర్చీ అటు జరిపితే పెదవులు ఊదారంగుకు తిరుగుతాయి. దాన్ని నమ్మి పనిచేస్తే కొంప మునుగుతుందని ఆవిడకు మొదట్లోనే తెలిసిపోయింది. అందుకని తనకు తానే ఓ పద్ధతి పెట్టుకుంది. చిన్న ప్రింటు తీసేది, దాని పక్కన తన ఎడంచేతిని వెనక్కి తిప్పి పెట్టేది. చర్మమంటే ఎలా ఉంటుందో చెయ్యి చెబుతుంది కదా, తెర అబద్ధమాడినా చెయ్యి ఆడదు కదా. మొహం చేతికి దగ్గరగా వచ్చేదాకా సరిచేసి, అప్పుడు పెద్ద ప్రింటు తీసేది. ఇన్నేళ్లలో ఒక్కరూ తిరిగొచ్చి బాగాలేదన్నది లేదు.

ఇంట్లో ఆవిడకున్నదల్లా పిచ్చుక. చెల్లెలి కూతురు. చిన్నప్పుడు గుప్పెడంత ఉండేదని పెద్దమ్మ పెట్టిన పేరు. పిల్లకు ఇంకా నడక రాకముందే జ్వరమొచ్చి తల్లి పోయింది. తండ్రన్న పెద్దమనిషి ఇంకో సంసారం చూసుకుని మొహం చాటేశాడు. టచింగమ్మకు పెళ్లీ లేదు, పెటాకులూ లేవు. పిల్లను చంకనేసుకుని వచ్చేసింది.

ముందుగదిలో చెల్లెలి ఫొటో ఉంటుంది. టచింగమ్మ చేసినవాటన్నిట్లోకీ అదే గొప్పదని స్టూడియో ఓనరే ఒప్పుకున్నాడు. పిచ్చుక రోజూ పళ్లు తోముకుంటూ దాని ముందు నిలబడి, నోట్లో నురగతోనే కబుర్లు చెప్పేది. పరీక్షలు, స్నేహితురాళ్ల తగాదాలు, పెద్దమ్మ మీద చాడీలు, అన్నీ అక్కడే. వంటగదిలో టచింగమ్మ విననట్టే విని నవ్వుకునేది. కానీ ఆ పిల్లకో దిగులుంది. అద్దంలో తనను చూసుకుని, ఫొటో చూసి, మళ్లీ అద్దం చూసుకునేది. ఎక్కడా పోలిక లేదు. "నన్నెక్కడైనా దొరికితే తెచ్చావా పెద్దమ్మా?" అని మొదట్లో వేళాకోళంగా అడిగేది. ఈమధ్య అడగడం మానేసింది. మానేసిందే అని టచింగమ్మకు భయం పట్టుకుంది.

పిచ్చుకకు వేరే ఊళ్లో ఉద్యోగమొచ్చింది. కంప్యూటర్ గేములు తయారుచేసే కంపెనీలో, ఆటలాడి తప్పులు పట్టే ఉద్యోగం.

"ఆడుకుంటే జీతమిస్తారటే? మీ అమ్మ వింటే మూర్ఛపోయేది" అంది పెద్దమ్మ.

"చెప్పేశాగా పొద్దున్నే. ఏం అనలేదు" అంది పిచ్చుక. తర్వాత కాస్త తగ్గి, "వెళ్లేలోపల అమ్మను కొత్తగా ఓ ప్రింటు తీసివ్వు పెద్దమ్మా. మంచి రంగుల్లో, ఉన్నది ఉన్నట్టు. అక్కడ నా గదిలో పెట్టుకుంటా. మన మానిటర్ మీద వద్దు, దానికి పోయేకాలం దగ్గరపడింది" అంది.

పెద్దమ్మ నీళ్లు నమిలింది. మానిటర్‌కు నిజంగానే పోయేకాలం వచ్చింది, పైభాగమంతా చీకటి పడిపోతోంది. కొత్తది కొనక తప్పదు. పెద్దమ్మకు రంగు కావాలి, ఉద్యోగానికి వెళ్లేలోపల ఆటలు సాధన చేసుకోవాలన్న పిల్లకు వేగం కావాలి, రెండూ ఒకే తెరలో ఉండాలి. అలా ఇద్దరూ కలిసి కంప్యూటర్ షాపుకు బయల్దేరారు.

షాపాయన మూడు మానిటర్లు పక్కపక్కన పెట్టాడు. టచింగమ్మ తనతో తెచ్చిన ఫొటో, దర్జీ మాస్టారి తండ్రిది, మూడింటి మీదా పెట్టమంది. పిచ్చుక తన గేమ్ పెట్టమంది. ఓ పాడుబడ్డ గిడ్డంగిలో చీకట్లో పరిగెత్తే ఆట అది.

"ఇది వీఏ రకం. నలుపు చూడండి, కాటుకే" అన్నాడు షాపాయన మొదటిది చూపించి.

నలుపు బాగానే ఉంది. కానీ పిచ్చుక ఆడుతుంటే ఆటలో మనిషి కదిలినప్పుడల్లా వెనక నల్లటి చార సాగుతోంది. "ఎవరో వెంటబడుతున్నట్టుంది పెద్దమ్మా" అంది. పెద్దమ్మ పక్కకు జరిగి చూసింది. పక్కనుంచి చూస్తే దర్జీగారి తండ్రి చెంపలు పాలిపోయాయి. వద్దనుకున్నారు.

రెండోది ఓఎల్ఈడీ. "ఇందులో ఒక్కో చుక్కకు దాని వెలుగు దానిదే. ఆరిందంటే నిజంగా ఆరినట్టే. రంగుకైనా ఆటకైనా దీన్ని మించింది లేదమ్మా" అన్నాడు. ఇద్దరి నోళ్లూ తెరుచుకున్నాయి. అంతలోనే ఆయన గొంతు తగ్గించి, "కాకపోతే ఒకే బొమ్మ రోజూ కదలకుండా ఉంటే దాని జాడ తెర మీద ఉండిపోవచ్చు" అన్నాడు.

"నా తెర మీద పొద్దస్తమానం పోయినవాళ్లే ఉంటారయ్యా. వాళ్లు కదలరు" అంది టచింగమ్మ.

షాపాయన ఆ మానిటర్ మీద పెట్టిన చెయ్యి మెల్లిగా తీసేశాడు. పిచ్చుకకు నవ్వొచ్చింది. "తర్వాత నా గేములో వాళ్లే తిరుగుతుంటారు. ఇది కూడా వద్దులెండి" అంది.

మూడోది ఐపీఎస్. ఎటునుంచి చూసినా మొహం రంగు మారలేదు. టచింగమ్మ వంగి చూసింది, లేచి చూసింది, గోడ దాకా వెళ్లి చూసింది. ఆట కూడా చార లేకుండా చకచకా సాగింది. "దీనికొకటే లోపం. చీకటి పూర్తి చీకటిగా ఉండదు, అడుగున బూడిదరంగు వెలుగు తేలుతుంది. ఆటవాళ్ల కోసం నీడల మీట కూడా ఇచ్చాడు. అది పెంచితే చీకట్లో నక్కినవాడు బయటపడతాడు" అన్నాడు షాపాయన. దాన్నే పట్టుకొచ్చారు. తెర రంగులు సరిచూసే చిన్న పరికరం కూడా ఆయన రెండ్రోజులకు అరువిచ్చాడు.

మర్నాడు పొద్దున పిచ్చుక ఆ పరికరంతో అన్నీ సరిచేసి, "చూడు పెద్దమ్మా, ఇక ఇది అబద్ధం చెప్పదు" అంది. టచింగమ్మ చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, ఏళ్ల తరబడి దాచిన ఫొటోలన్నీ తెరిచింది. చిన్నచిన్న మొహాలు వరసలుగా తెర నిండా పరుచుకున్నాయి.

ముసలివాళ్లు, పడుచువాళ్లు, మగవాళ్లు, ఆడవాళ్లు, ఎవరి ముక్కు వాళ్లదే, ఎవరి జుట్టు వాళ్లదే. రంగు మాత్రం అందరిదీ ఒకటే. ఒక్కరిలో కూడా ఇసుమంత తేడా లేదు. పాత తెర మీద ఒకడు పచ్చగా, ఒకడు ఎర్రగా, కూర్చున్న తీరును బట్టి మారుతూ ఉండేవాళ్లు కనక ఎప్పుడూ తెలియలేదు. ప్రింట్లేమో ఒక్కొక్కటీ ఒక్కో ఇంటికి పోయాయి, ఒకచోట చేరిందెప్పుడు?

"మళ్లీ సరిచెయ్యవే. తప్పేదో జరిగింది" అంది పెద్దమ్మ.

పిచ్చుక మళ్లీ చేసింది. మారలేదు. అప్పుడా పిల్ల పెద్దమ్మ ఎడంచేతిని పట్టుకుని తెర పక్కన ఆనించింది. ఎక్కడ చెయ్యి అయిపోయిందో, ఎక్కడ మొహాలు మొదలయ్యాయో తెలియలేదు.

"ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. నీ దగ్గర రెండ్రోజులున్నా చాలు" అని నవ్వబోయింది పిచ్చుక. నవ్వు రాలేదు. టచింగమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఊళ్లో గోడ గోడకూ తన చర్మమే కప్పుకుని కూర్చున్నారు వాళ్లంతా, పోయినవాళ్లని వాళ్ల పిల్లలు రోజూ చూసుకుంటున్నది తననే.

మనసు ఒకచోట నిలవక ఆవిడ దర్జీ మాస్టారి దుకాణానికి నడిచింది. మిషను పైన గోడమీద ఆయన తండ్రి ఉన్నాడు. దర్జీ ఏదో పంట్లాం అంచు కుడుతున్నాడు. టచింగమ్మ కాసేపు అవీ ఇవీ మాట్లాడి, "మాస్టారూ, మీ నాన్నగారి రంగు ఇంతేనా?" అని అడిగేసింది.

దర్జీ తలెత్తి చూశాడు. "మా నాన్న నలుపమ్మా. బాగా నలుపు" అన్నాడు. మరుక్షణం మిషను ఆపేశాడు. ఫొటో వంక అలాగే చూస్తూ, "నలుపనేవాళ్లు అందరూ. నాకేమో ఇలాగే గుర్తున్నాడు. కళ్లు మూసుకున్నా ఇలాగే వస్తాడు. ముందు ఎలా వచ్చేవాడో మరి" అన్నాడు. ఆ మాట ఆయన్నే భయపెట్టినట్టుంది, మళ్లీ గబగబా మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

టచింగమ్మ తిరిగొచ్చే దారిలో ఎవరింటి వాకిట్లోంచీ లోపలికి తొంగి చూడలేదు. చూస్తే ఎవరో ఒకరు గోడమీంచి తన మొహం పెట్టుకుని చూస్తారని బెదురు. చేసిందంతా చేసి ఇప్పుడు బెదరడమేమిటని తనను తానే తిట్టుకుంది. మిగతావాళ్ల సంగతి తర్వాత, చెల్లెల్నైనా చెల్లెలిగా చేసి పిల్ల చేతిలో పెట్టాలి. అదొక్కటీ చెయ్యకపోతే ఇన్నేళ్ల టచింగూ గంగపాలే అనుకుంది.

మధ్యాహ్నం పరదా మూసి, చెల్లెలి పాత స్కాన్ తెరిచింది. అసలు ఫొటో ఎప్పుడో చెమ్మకు పొడైపోయింది, మిగిలింది ఆ స్కానొక్కటే. మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి పిచ్చుక తన కుర్చీలో కూర్చుని ఉంది.

"ఇదేంటి పెద్దమ్మా, సగమే ఉంది?"

తెర మీద ఓ గుమ్మం. గుమ్మంలో నిలబడ్డ మనిషి. కుడివైపు సగం మొహం మీద ఎండ పడి నవ్వుతోంది. ఎడమవైపు సగం తలుపు చాటున కటిక నలుపు.

ఇక దాచి లాభం లేదు. "అంతే ఉందే. మిగతా సగం నేను చేశాను" అంది టచింగమ్మ.

"ఎలా చేశావు?"

"ఉన్న సగాన్నే తిప్పి అతికితే కొయ్యబొమ్మలా వచ్చింది. వెలుతురు పెంచి చూస్తే ఆ నలుపులో బూజు మరకలు తప్ప ఇంకేం లేవు. అక్కచెల్లెళ్లం కదా, ఒక్కలా ఉంటారనేవాళ్లు అందరూ. అద్దం ముందు కూర్చుని నా మొహమే ఫొటో తీసుకుని, అందులో సగం పెట్టాను."

పిచ్చుక ముందుగదిలోని ఫొటో వైపు చూడబోయి ఆగిపోయింది. "అయితే నేను రోజూ చెప్పుకున్నదంతా సగం నీకేనా?" అంది. కోపంగా అంటే టచింగమ్మ తట్టుకునేది. ఆ పిల్ల నిదానంగా, లెక్క సరిచూసుకుంటున్నట్టు అడిగింది.

"నా తల్లే, కావాలని చెయ్యలేదు" అంటూ పెద్దమ్మ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. పిచ్చుక ఆ చెయ్యి తీసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. తెర వంకే చూస్తోంది. ఆటల్లో చీకట్లు వెతికిన కళ్లు కదా, ఆ నలుపులో ఏదో పట్టాయి. మానిటర్ కిందికి చెయ్యి పోనిచ్చి నీడల మీట నొక్కింది. ఇంకోసారి నొక్కింది. మళ్లీ నొక్కింది.

తలుపు గీతలు తేలాయి. గోడ తేలింది. బూజు మరకలు ఒకదాన్నొకటి అంటుకున్నాయి, చెంప అయ్యాయి, కనుబొమ్మ అయ్యాయి. చీకట్లోంచి మెల్లిగా మిగతా సగం మొహం బయటికొచ్చి ఆగింది.

ఇన్నేళ్లూ టచింగమ్మ బూజనుకున్నది చెల్లెలి మొహం. అక్కడే ఉంది, కన్ను తెరుచుకునే ఉంది. వెలుగులో ఉన్న సగం నవ్వుతోంది, చీకట్లో ఉన్న సగం నవ్వడం లేదు. ఆ పక్క చెంప లోపలికి పోయింది, పెదవి చివర కిందికి జారింది. ఆ కన్ను ఫొటో తీసేవాణ్ణి కాదు, సూటిగా ఈ గదిలోకి చూస్తున్నట్టుంది.

ఒక్క క్షణంలో గుర్తుపడతానని టచింగమ్మ ఎదురుచూసింది. అయ్యో, నువ్వే కదే అని నోరు తెరవడానికి సిద్ధంగా ఉంది. ఆ క్షణం రాలేదు. చెల్లెలి గొంతు గుర్తుంది. తడి పాదాలతో ఇల్లంతా తిరిగే అలవాటు గుర్తుంది. జడ వేస్తుంటే తల నిలపకుండా సతాయించడం గుర్తుంది. మొహం కోసం కళ్లు మూసుకుంటే గోడమీద తను చేసిన ఫొటోనే వచ్చి నిలబడుతోంది. కళ్లు తెరిస్తే ఎదురుగా ఎవరో పరాయి మనిషి. ఎంత చూసినా పరాయి మనిషే. దర్జీ మిషను ఎందుకాపాడో ఇప్పుడు తెలిసింది.

అమ్మానాన్నలు లేరు, స్టూడియో ఓనరు లేడు, పిల్ల తండ్రన్నవాడి జాడ లేదు. చెల్లెల్ని చూసిన కళ్లు లోకంలో ఇక ఇవే. వీటికే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

పిచ్చుక మొహం తెరకు దగ్గరగా పెట్టి చూస్తోంది. తన చెంప తడుముకుంది, పెదవి చివర వేలితో తడుముకుంది. పోలిక దొరికిందో లేదో ఆ మొహంలో తెలియలేదు.

"పెద్దమ్మా, ఇదేనా అమ్మ?" అంది. "నాకోసం చెప్పకు. గుర్తుపట్టి చెప్పు."

తెలియదంటే పిల్లకు ఉన్న సగం కూడా పోతుంది. పచ్చి నిజం అదే, తెలియదు.

"అదే" అంది టచింగమ్మ. "మీ అమ్మే. చూడగానే పోల్చుకున్నాను."

పిచ్చుక గట్టిగా ఊపిరి వదిలింది. భుజాలు దిగాయి. ఎన్నాళ్లుగానో పట్టుకున్న బరువేదో కింద పెట్టినట్టు వెనక్కి వాలి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. కాసేపటికి కుర్చీ ముందుకు జరుపుకుంది. టచింగమ్మ తెర వైపు చూడలేక పిల్ల జడ వైపు చూస్తూ వెనకే నిలబడింది. వెళ్లిపోదామంటే ఆ చెయ్యి పిల్ల గుప్పెట్లో ఉంది.

"అమ్మా" అంది పిచ్చుక తెరతో, కొత్తవాళ్లతో మాట్లాడేటప్పటి గొంతుతో. "నేను నీ కూతుర్ని. ఇన్నాళ్లూ నీకేం చెప్పలేదు, మొదట్నుంచీ చెబుతాను. నిన్ను చూసిన మనిషి ఒక్కతే మిగిలింది. నువ్వవునో కాదో అని తననే అడిగాను. నువ్వేనంది."